మిల్లులో పురుగు: మందునకు ముందు చీపురు



వరిపంట చేతికి వచ్చుటకు నాలుగు నెలలు పట్టును. ఆ పంటను పురుగు నుసి చేయుటకు రెండు నెలలు చాలును. పొలములో దోమ కనబడినచో రైతు నాడే పరుగెత్తి విచారించును, పొరుగువానిని పిలిచి చూపించును, అప్పు చేసియైనను మందు కొట్టును. అదే ధాన్యము కళ్ళము దాటి, సంఘపు గిడ్డంగిలో బస్తాలై, మిల్లులో బియ్యమై, తిరిగి బస్తాల కెక్కిన తరువాత దానినిగూర్చి తలచువారు తక్కువ. పంట గట్టెక్కినది గదా యని మనస్సు కుదుటపడును. వాస్తవమున కప్పటికి మన పెట్టుబడి యంతయు ఆ గింజలోనికి చేరియున్నది. విత్తనము, ఎరువు, నీరు, కోతకూలి, బండి కిరాయి, మర కూలి, అన్నియు అందులోనే కలవు. కావున పొలములో పోయిన గింజకంటె గిడ్డంగిలో పోయిన గింజ మిక్కిలి ఖరీదైనది.

ఇంటి గాదెలో పురుగు పడినచో ఆ యింటివారికే నష్టము. సంఘపు మిల్లులో పురుగు పడినచో సభ్యులందరికిని నష్టము. నూరుగురు సభ్యుల ధాన్యము ఒకే జల్లెడపై పడును, ఒకే ఎలివేటరులో పైకెక్కును, ఒకే గిడ్డంగిలో నిలువయగును. అందొకరి బస్తాలో వచ్చిన పురుగు తక్కినవారి పేర్లు అడుగదు. పదిమంది కష్టము ఒకచోట చేరినప్పుడు లాభమెట్లు పంచుకొందుమో, అశ్రద్ధవలన వచ్చు నష్టమును కూడ అట్లే పంచుకొనవలసి వచ్చును.

ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఒక్క మాట. మిల్లునందలి పురుగును మందొక్కటియే తీర్చలేదు. దానికి తిండియు, మరుగును దొరకకుండ చేయుటయే అసలు నివారణము. మందు ఆ తరువాతిది.

పురుగు ఎక్కడనుండి వచ్చును?

బియ్యము ముసలిదైనచో అదియే పురుగగునని మన పల్లెలలో ఇప్పటికిని కొందరనుకొందురు. ఇది సరికాదు. పురుగు గ్రుడ్డునుండియే పుట్టును. గ్రుడ్డును మరియొక పురుగు పెట్టియుండవలెను. ఫ్రాన్సు దేశమున ఆంగూమువా యను మండలమున 1760 ప్రాంతమున ధాన్యమంతయు చిన్న చిలుకలచే పాడైపోగా, దానిని విచారించుటకు దుహమెల్ దు మాన్సో, తియే యను నిద్దరు పండితులు నియమింపబడిరి. వారు ఆ పురుగు జీవితమును పరిశీలించి 1762లో ఒక గ్రంథము ప్రకటించిరి. మన వడ్లలో తెల్లవారుజామున ఎగురుచు కనబడు గోధుమవన్నె వడ్లచిలుక ఆ పురుగే. ఆంగ్లభాషలో దానికి నేటికిని ఆ మండలము పేరే నిలిచియున్నది.

పురుగు మిల్లులోనికి వచ్చుటకు మూడు దారులు కలవు.

మొదటిది పొలమే. వడ్లచిలుక ముదిరిన వెన్నుపైననే గ్రుడ్లు పెట్టగలదు. ముక్కుపురుగు సమీపమున నున్న గిడ్డంగినుండి పొలమున కెగిరిపోగలదు. కావున శుభ్రమైన క్రొత్త ధాన్యముతోపాటు కంటికి కనబడని గ్రుడ్లు కూడ రావచ్చును.

రెండవది గోనెసంచి. పాత గోనె నేతసందులలోను, కుట్టు మడతలలోను పురుగులు, గ్రుడ్లు, పిండిధూళి యుండును. నిరుడు పురుగుపట్టిన బియ్యము నింపిన గోనెలో ఈ యేడు క్రొత్త వడ్లు పోసినచో, చేతులార విత్తనము చల్లినట్లే.

మూడవది మిల్లే. ఇదియే అన్నిటికంటె పెద్దది, మనము తక్కువగా తలచునది. యంత్రముల సందులలో నిలిచిన పాత నూక, తవుడు, పిండిలో పురుగు ఏడాది పొడుగునను కాపురముండి, ముందునుండి పోవు ప్రతి గింజకును అంటుకొనుచుండును.

శత్రువును గుర్తించుట

ధాన్యపు పురుగులను రెండు తెగలుగా చూచినచో పని సులువగును. మొదటి తెగవి నిండు గింజను తొలుచును. రెండవ తెగవి నిండు గింజను అంతగా తొలువలేవు. విరిగిన గింజ, నూక, తవుడు, పిండి వీనిపై బ్రదుకును.

మొదటి తెగలో ముఖ్యమైనది ముక్కుపురుగు. ఇది ముదురు గోధుమవన్నె గలది; తలముందు ఏనుగుతొండమువలె పొడుచుకొని వచ్చిన ముక్కుండును. ఆడపురుగు ఆ ముక్కుతో గింజకు చిన్న రంధ్రము చేసి, అందొక గ్రుడ్డు పెట్టి, జిగురువంటి పదార్థముతో ఆ రంధ్రమును పూడ్చివేయును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల గింజలోననే తిని, గింజలోననే నిద్రావస్థ గడపి, పెద్దదై రంధ్రము చేసికొని బయటకు వచ్చును. వేడిమియు తేమయు అనుకూలించినచో ఇదంతయు సుమారు నెలదినములలో జరుగును. కావున పైకి శుభ్రముగా కనబడు బియ్యములో ఇదివరకే వేలకొలది పిల్లలుండవచ్చును. జల్లించినంత మాత్రమున అవి పోవు. ఈ తెగలోనిదే నుసిపురుగు. ఇది సన్నగా కోలగా నుండి, వడ్ల పొట్టును కూడ తొలిచి, గింజను తెల్లని నుసి చేయును. వడ్లచిలుకయు ఈ తెగలోనిదే.

రెండవ తెగలో ఎర్ర పిండిపురుగు ప్రధానము. చిన్నదిగా, చదునుగా, ఇటుకవన్నెగా నుండి చురుకుగా పరుగెత్తును. దీని ఒంటినుండి వెలువడు ఘాటైన ద్రవమువలన పిండి ఎర్రబారి దుర్వాసన కొట్టును. ఒకసారి ఆ వాసన పట్టిన సరకును ఎంత జల్లించినను, ఎండబెట్టినను కొనువాడు ముక్కు మూసికొనును. బియ్యపుచిలుక పిల్లలు నూకలను, తవుడును సాలెదారములతో అల్లి ముద్దలు కట్టించును. ఆ ముద్దలు జల్లెడ కన్నులను, జారుడు గొట్టములను మూసి యంత్రమును కూడ ఆపివేయును.

ఇవి ఎంత వేగముగా పెరుగునో చూడుడు. ముక్కుపురుగు తన జీవితకాలమున సుమారు 300 గ్రుడ్లు పెట్టగలదు. అందు పదింటికొకటి మాత్రమే బ్రదికినదనుకొందము. ఒక ఆడపురుగునకు మొదటి తరమున 30 పురుగులు. అందు సగము ఆడవి, 15. రెండవ తరమున 450. అందు ఆడవి 225. మూడవ తరమున 6,750. ఇది ఉజ్జాయింపు లెక్కయే యైనను ఒక నిజమును తెలుపుచున్నది. ఎలివేటరు గుంటలో మిగిలిన పిడికెడు నూక చిన్న వస్తువు కాదు. వానకాలము గడచునప్పటికి అదియే గిడ్డంగికెల్ల మూలబలము.

మిల్లు ఆగినప్పుడే ప్రమాదము

మిల్లు నడుచుచున్నప్పుడు యంత్రములు కదలుచుండును, సరకు వచ్చి పోవుచుండును, పురుగున కొకచోట నిలకడ యుండదు. మిల్లు ఆగినప్పుడు దానికి నిశ్చింత. సార్వా, దాళ్వా ధాన్యము ఆడించి ముగించిన తరువాత కొంతకాలము మిల్లు విశ్రమించును. తెలంగాణమున వానాకాలము, యాసంగి పంటల నడుమను ఇట్లే. యంత్రము ఆపిన నాడు, మిల్లు తలుపులకు తాళము వేసి, "మరల పని మొదలైనప్పుడు శుభ్రము చేయుదము" అనుకొనుట వాడుక. ఆ రెండు నెలలే పురుగునకు పెండ్లిండ్ల కాలము. తేమగాలి, వెచ్చదనము, చీకటి, చాలినంత తవుడు, అలజడి లేమి, ఇన్నియు ఒక్కచోట దొరకును. మరల మిల్లు తిరిగిన మొదటి వారమున వచ్చు బియ్యములో ఆ పురుగులును, వాని మలమును, గ్రుడ్లును కలిసి పోవును. మొదటి బస్తాలలోనే పురుగు కనబడినదేమి యని అప్పుడాశ్చర్యపడుదుము.

కావున ముఖ్యనియమ మిది. మిల్లు మొదలుపెట్టు ముందు శుభ్రము చేయుట మంచిది; మిల్లు ఆపిన నాడే శుభ్రము చేయుట అంతకంటె మంచిది. రెండును చేయుట సంఘధర్మము.

శుభ్రపరచవలసిన చోట్లు

నేల ఊడ్చుట నందరును చేయుదురు. పురుగు నేలపై నుండదు. అది యుండు తావులు వేరు.

1. ఎలివేటరు అడుగు గుంట. బకెట్లు అందుకొనలేని గింజ అక్కడ అడుగున పేరుకొనును. గుంటకు తలుపుండవలెను, వారమున కొకసారియైనను తెరచి పూర్తిగా తీయవలెను.

2. జల్లెడల చట్రముల క్రింది అంచులు, ధాన్యము పోయు తొట్ల మూలలు, జారుడు గొట్టముల వంపులు. వేలికి దొరకని చోట కుంచెను, కుంచె దొరకని చోట పీల్చు యంత్రమును వాడవలెను.

3. పాలిషు యంత్రపు మూతలలోపలి భాగము, తవుడు పోవు గొట్టములు. ఇక్కడ తవుడు తడికి అట్టకట్టును. దానిని గీకి తీయవలెను.

4. దూలములు, కిటికీ అంచులు, విద్యుత్తు పెట్టెలు, యంత్రపు దిమ్మెల పగుళ్ళు. ధూళి కూర్చున్న ప్రతి అంచును పురుగునకు అరుగే.

5. ఖాళీ గోనెల గుట్ట. గోనెలను గిడ్డంగిలో సరకు ప్రక్కన ఉంచరాదు. వేరు గదిలో నుంచి, తిరగవేసి దులిపి, మండుటెండలో ఆరవేసి వాడవలెను.

గాలిగొట్టముతో ధూళిని ఊదుట పలుచోట్ల వాడుకలో నున్నది. అది పని తొందరగా ముగిసినట్లు చూపును గాని, పిండిని ఒక మూలనుండి తీసి పది సందులలోనికి త్రోయును. అట్లే పొడి యంత్రములున్న గదిలో నీటితో కడుగుటయు కూడదు. తడిసిన పిండి అట్టకట్టి బూజుపట్టును. పొడిచోట పొడి శుభ్రమే తగినది. ఉప్పుడు బియ్యపు మిల్లులలో ధాన్యము నానబెట్టు తొట్ల సంగతి వేరు. అక్కడ ప్రతి దఫాకును తొట్టి కడిగి, పులిసిన నీరు నిలువక కాలువలోనికి పోవునట్లు చూడవలెను. ఆ నీరు మిల్లు వెనుక మడుగుకట్టినచో ఈగలును, దోమలును ప్రబలును.

ఊడ్చి తీసిన దానిని ఏమి చేయవలెను? దీనియందే పెక్కుమంది తప్పుదారిన పోవుదురు. నాలుగు కిలోల నూక వృథా యగునని మరల తొట్టిలో పోయుట ఒక తప్పు. మిల్లు వెనుక గోడప్రక్కన కుప్పపోయుట రెండవ తప్పు. అక్కడ పురుగు పెరిగి రాత్రికి దీపపు వెలుగు చూచి తిరిగి లోపలికి వచ్చును. తీసిన చెత్తను మూతగల డబ్బాలో వేసి, నాడే దూరముగా లోతుగా పూడ్చవలెను.

తవుడు మిల్లులో నిలువ యుంచదగిన సరకు కాదు. గింజనుండి వేరుపడిన వెంటనే దానిలోని నూనె విరుగ నారంభించును. ఎంత త్వరగా నూనె మిల్లునకు పంపిన అంత మంచి ధర వచ్చును, మన మిల్లులో పురుగునకు అంత తిండి తగ్గును.

తేమ, నిలువ

పురుగునకు నీరు గింజలోనిదే. గింజలో తేమ నూటికి 9 పాళ్ళకు తగ్గినచో చాల జాతులు సరిగా పెరుగజాలవు. అంతగా ఆరబెట్టినచో బియ్యము మరలో విరుగును గనుక అది మన మిల్లులకు సాధ్యము కాదు. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణమున ధాన్యమునకు నూటికి 17 పాళ్ళ వరకు తేమ అనుమతింపబడును. ఇది కొనుగోలు హద్దే గాని నిలువ హద్దు కాదని సభ్యులు గుర్తించవలెను. నెలలకొలది నిలువ యుంచు ధాన్యము 12, 13 పాళ్ళకు దిగవలెను. తేమ యెక్కువైనచో పురుగుతోపాటు బూజు కూడ వచ్చును. కొన్ని బూజులు విడుచు విషములు వండినను పోవు.

గిడ్డంగిలో బస్తాలను నేలపై వేయరాదు. చెక్క చట్రములపై వేయవలెను. గోడకును దొంతరకును నడుమ రెండున్నర అడుగుల ఎడముండవలెను. ఆ ఎడము గాలికొరకు మాత్రమే కాదు. మనిషి చుట్టును తిరిగి చూచుటకును, ఊడ్చుటకును. కంటికి కనబడని మూలయే పురుగున కిష్టము. ముందు వచ్చిన సరకు ముందు పోవలెను. క్రొత్త బస్తాలు తలుపుదగ్గర వేసి, వానినే ముందుగా ఎత్తుట హమాలీలకు సులువైనను, వెనుక వరుస ఏడాది పాటు కదలక పురుగునకు ఊరగును.

వారమున కొకనాడు దొంతరకు నాలుగు ప్రక్కలనుండి బస్తాలలోనికి ఇనుప గొట్టము గ్రుచ్చి గింజలు తీసి, జల్లించి, పురుగులను లెక్కించి పుస్తకములో వ్రాయవలెను. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు దీనికి తోడ్పడు ఒక చౌక సాధనమును రూపొందించిరి. అది రంధ్రములుగల గొట్టము. దానిని ధాన్యమున గ్రుచ్చియుంచినచో, గాలికై తిరుగాడు పురుగులు రంధ్రములగుండ దూరి అడుగు గిన్నెలో పడును. గుట్టపోసిన ధాన్యములో ఇనుపకడ్డీ గ్రుచ్చి కొంతసేపటికి తీసి తాకిచూచుట మన పెద్దల పద్ధతి. కడ్డీ వేడెక్కినచో లోపల పురుగో తేమయో పని చేయుచున్నదని యెరుగవలెను.

మన పెద్దలు జొన్నలను పాతరలలో పోసి పైన మట్టితో మూయుట యుండెడిది. లోపలి గాలిలోని ప్రాణవాయువు తరిగిపోగా పురుగు చచ్చును. నేడు గాలి చొరని ప్లాస్టికు సంచులు ఈ సూత్రము మీదనే పని చేయుచున్నవి. విత్తనపు వడ్లకు ఇవి తగినవి. వేపాకు, వావిలాకు కలుపుట పురుగును కొంత తరుమును గాని, గింజలోపల నున్న పిల్లను చంపజాలదు.

ఎలుక, పందికొక్కు

ఎలుక తినునది కొంత, పాడుచేయునది అంతకంటె ఎక్కువ. గోనె కొరికి గింజ చిందించును. దాని మూత్రము, పెంటికలు, వెండ్రుకలు బియ్యములో కలియును. దాని మూత్రమువలన మనుష్యులకు ఎలుక జ్వరము సోకవచ్చును. ఎలుక గర్భకాలము మూడు వారములు మాత్రమే. దాని ముందు పండ్లు జీవితకాలమంతయు పెరుగుచునే యుండును గనుక ఏదో యొకటి కొరకక మానదు.

ఎలుకను చంపుటకంటె చొరనీయకుండుట తక్కువ ఖర్చు. చిట్టెలుకకు పావు అంగుళము సందు చాలును. తలుపు క్రింద అంతకు మించిన ఎడము ఉండరాదు. తలుపు అడుగున అడుగెత్తు రేకు కొట్టవలెను. కాలువ నోళ్ళకును, గాలి కిటికీలకును ఇనుప వల బిగించవలెను. గోడ కన్నములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయవలెను. గిడ్డంగి నేల భూమికి రెండున్నర అడుగుల ఎత్తున నుండుట మంచిది. గోడచుట్టును రెండు గజముల మేర గడ్డి, చెత్త, పాత ఇనుము లేకుండ తీసివేయవలెను.

లోపల బోనులే పెట్టవలెను. విషపు ఎరలు పెట్టరాదు. ఎర సరకులో కలియవచ్చును. చచ్చిన ఎలుక కనబడని సందులో కుళ్ళవచ్చును. ఎరలు గోడవెలుపల, మూతగల పెట్టెలలో, పిల్లలకును పశువులకును అందకుండ ఉంచవలెను. జింకు ఫాస్ఫైడు ఎరను ఒకసారి తిని బ్రదికిన ఎలుక మరల దానిని ముట్టదు. కనుక ముందు రెండు మూడు దినములు విషములేని ఎరతో అలవాటు చేయుట అవసరము. "పిల్లి యున్నది గదా" యని కొందరందురు. పిల్లి మలమూత్రములును మలమూత్రములే. తిండిపదార్థములు తయారగు చోట పెంపుడు జంతువునకు తావు లేదు. పావురములకును ఇదే వర్తించును.

మందులు, వాని హద్దులు

ఇంత చేసిన తరువాతనే మందు. ధూళిపై కొట్టిన మందును ధూళియే పీల్చుకొనును. దాని క్రింది పురుగునకు తగులదు. మందుతో విసిగి "ఇది నకిలీ సరకు" అనువారి మిల్లులలో పలుమారు దోషము మందులోకంటె నేలపై నుండును.

ఖాళీ గిడ్డంగి గోడలకును, నేలకును, దొంతరల చుట్టునుగల దారులకును చల్లుటకు మలాథియాను 50 శాతపు ద్రవమును ఒక పాలునకు నూరు పాళ్ళ నీరు చొప్పున కలిపి, 100 చదరపు మీటర్లకు 3 లీటర్లు వాడుదురు. 15 దినములకొకసారి మరల చల్లవలెను. డెల్టామెత్రిన్ 2.5 శాతపు పొడి మందును లీటరు నీటికి 40 గ్రాములు కలిపి అంతే మేర చల్లినచో సుమారు మూడు నెలలు పనిచేయును. క్రొత్తగా సున్నము వేసిన గోడపై మలాథియాను త్వరలో బలము కోల్పోవును. ఈ మందులను గింజపై గాని, బియ్యముపై గాని, యంత్రములలోపల గాని చల్లరాదు. చల్లువాడు చేతితొడుగులు, ముఖకవచము ధరింపవలెను.

ఒకప్పుడు గిడ్డంగులలో విరివిగా వాడిన మందులలో చాల వానిని తరువాత ప్రభుత్వము నిషేధించినది. బి.హెచ్.సి. 1997లోను, ఇథిలీన్ డైబ్రోమైడు 2001లోను, డైక్లోర్వాస్ 2020 డిసెంబరు 31తోను పోయినవి. పాత డబ్బా మూలనున్నను, అంగడివాడు ఇచ్చినను, వానిని వాడరాదు. నేడు మంచిదనుకొన్న మందు రేపు కీడని తేలవచ్చును. చీపురు నెవ్వరును నిషేధింపలేదు.

ప్రాణము తీయు వాయువు

గింజలోపలి పురుగును చంపగల సాధనము అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలనుండి వెలువడు ఫాస్ఫీను వాయువు. మూడు గ్రాముల బిళ్ళ ఒక గ్రాము వాయువు నిచ్చును. ఈ వాయువు మనిషిని కూడ చంపును. దీనికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి వాసన వచ్చునని చెప్పుదురు గాని, వాసన రాకపోయినను ప్రమాదముండవచ్చును, ముక్కును నమ్మరాదు. అందుచేతనే ఈ బిళ్ళలు వాడు పని ప్రభుత్వ సంస్థలకును, అనుమతి పొందిన నిపుణుల పర్యవేక్షణలో పనిచేయువారికిని మాత్రమే పరిమితము. సంఘము అట్టివారినే పిలువవలెను.

సభ్యులు తెలిసికొనవలసినవి నాలుగు. మొదటిది, గాలి చొరని పటముతో దొంతరను కప్పి, అంచులు గట్టిగా మూసి, ఏడు దినములకు తక్కువ కాకుండ ఉంచవలెను. సందులుండి వాయువు పోయినచో గ్రుడ్లును, నిద్రావస్థలోని పురుగులును బ్రదుకును. రెండవది, అట్లు కొసప్రాణముతో మిగిలిన పురుగుల సంతతి క్రమముగా ఆ వాయువునకు లొంగని జాతి యగును. మన దేశమున అట్టి పురుగులు ఇదివరకే కనబడినవి. మూడవది, వాయువు పెట్టిన గిడ్డంగిలో గాని, దాని గోడనానుకొనిన గదిలో గాని కావలివాడైనను నిద్రింపరాదు. నాల్గవది, ఇంటి గాదెలో, పడకగదిలోని బియ్యపు డబ్బాలో ఈ బిళ్ళను ఎన్నడును వేయరాదు. బియ్యము కాపాడబోయి బిడ్డను పోగొట్టుకొనుట కంటె ఘోరమేమున్నది?

ఖర్చెవరిది? పనియెవరిది?

2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద 2011లో వచ్చిన అనుమతుల నిబంధనలలో నాల్గవ షెడ్యూలు ఆహారము తయారగు చోట్ల పారిశుద్ధ్యమును, క్రిమినివారణమును విధించుచున్నది. ధాన్యములో యూరికామ్లము కిలోకు 100 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. ఈ ఆమ్లము పురుగుల విసర్జనమే. అనగా, పురుగును జల్లించి పారవేసినను అది తిని విడిచినది పరీక్షలో బయటపడును. మన సరకు తిరిగివచ్చినప్పుడు అది పోయినది మిల్లు పేరే.

అయినను చట్టమునకు భయపడి చేయు శుభ్రము తనిఖీ దినముననే యుండును. ఇందొక లోపము మన యేర్పాటులోనే కలదు. హమాలీలకు బస్తాకింత యని కూలి. బస్తా మోసినచో డబ్బు, ఊడ్చినచో ఏమియులేదు. అట్టివారిని "శుభ్రముగా ఉంచుడు" అని కసరుట న్యాయము కాదు. మిల్లు ఆపిన తరువాత రెండు దినములు శుభ్రమునకే కేటాయించి, ఆ దినములకు పూర్తి కూలి ఇచ్చుటకు సంఘపు వార్షిక అంచనాలో ఒక పద్దు పెట్టవలెను. 1,000 బస్తాల నిలువలో నూటికి ఒకటిన్నర వంతు బరువు పోయినను 15 బస్తాలు. ఆ 15 బస్తాల ఖరీదుతో ఎన్ని దినముల కూలి ఇయ్యవచ్చునో ఏ సభ్యుడైనను వ్రేళ్ళపై లెక్కించుకొనగలడు. పనివారికి మరుగుదొడ్లు, చేతులు కడుగుకొనుటకు సబ్బు నీరు, ముఖకవచములు ఇచ్చుట కూడ ఈ పద్దులోనిదే. వారు శుభ్రముగా నుండుటకు వీలులేని మిల్లు శుభ్రముగా నుండదు.

సభ్యుల వంతు పని ఇది. ధాన్యము బాగుగా ఆరబెట్టి, మట్టి, పొల్లు, పచ్చిగింజ ఏరి తేవలెను. పురుగుపట్టిన పాత ధాన్యమును క్రొత్తదానిలో కలిపి తేరాదు. పాత గోనెలు దులిపి ఎండవేసి తేవలెను. తన సరకులో పురుగున్నదని తెలిసినచో దాచక చెప్పవలెను. సంఘమువారు అతనిని అవమానింపక, ఆ బస్తాలను వేరుగా నుంచి ముందు బాగుచేయవలెను. కార్యనిర్వాహక వర్గమువారు వారపు తనిఖీ పుస్తకమును నెలసరి సమావేశమున చదివించవలెను. పుస్తకములో వరుసగా మూడు వారములు "ఏమియు లేదు" అని యున్నచో, తనిఖీ జరిగినదా యని ఒక సభ్యుడు స్వయముగా వెళ్ళి ఎలివేటరు గుంట తెరచి చూడవలెను.

ఈ యేడు ధాన్యము ఆడించుట ముగిసి మిల్లు ఆగిన దినమున, తాళము వేయుటకు ముందు ఆ గుంట ఖాళీ చేయించుట నుండియే ఈ పనిని ప్రారంభింపవచ్చును. అందుకు కావలసినవి ఒక కుంచె, ఒక పార, ఇద్దరు మనుష్యులు, ఒక పూట.